‘ఎదుట’ అంటే ఎంత దూరం?

ఈ నెల ఉత్తరాలు చదువుతుంటే ఒక సంగతి కనిపించింది. రాసినవాళ్ళు వేరు, ఊళ్ళు వేరు, తగాదాలు వేరు. అందరి తలనొప్పీ మాత్రం ఒక్కో చిన్న మాట దగ్గరే. ఎదుట, హాజరు, స్వాధీనం, ఇవ్వడం, పుచ్చుకోవడం. ఇంట్లో వాడుకున్నంతసేపూ వీటి మీద ఎవరికీ అనుమానం రాదు. కోర్టు మెట్లెక్కగానే వీటికి కొలతలు పుట్టుకొస్తాయి. అందుకని మిగతా ఉత్తరాలు వచ్చే నెలకి ఉంచి వీటినే తీసుకున్నాను.

ప్రశ్న: మా నాన్నగారు మంచాన ఉండగా వీలునామా రాయించారు. ఆయన సంతకం పెట్టేటప్పుడు పక్కింటి మాస్టారు దగ్గరే ఉన్నారు. పరుపు మీద రాయడం కుదరక మాస్టారు కాగితం హాల్లోకి తెచ్చుకుని, భోజనాల బల్ల మీద సాక్షి సంతకం చేశారు. రెండో సాక్షి మా బాబాయి. ఆయన అరగంట ఆలస్యంగా వచ్చారు. నాన్న సంతకం చూపించి “ఇది నాదే, నువ్వూ పెట్టరా” అంటే ఆయన కూడా హాల్లోనే పెట్టారు. ఇప్పుడు మా అన్నయ్య కోర్టులో మూడు అభ్యంతరాలు వేశాడు: సాక్షులిద్దరూ ఒకేసారి లేరు, బాబాయి నాన్న సంతకం పెట్టడం చూడలేదు, ఇద్దరూ నాన్న ఎదుట సంతకం చేయలేదు. వీలునామా పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: మీ అన్నయ్యగారి వకీలు మూడు రాళ్ళు విసిరారు. మొదటి రెండూ తగలవు. మూడోదే గురి చూసి వేసింది.

1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ తీయండి. సాక్షులిద్దరూ ఒకేసారి ఉండక్కర్లేదని అందులోనే రాసి ఉంది. వీలునామా చేసినవారు సంతకం పెట్టడం సాక్షి కళ్ళారా చూడాలి, లేదా ఆ చేసినవారే సాక్షితో “ఇది నా సంతకం” అని స్వయంగా ఒప్పుకోవాలి. మీ నాన్నగారు బాబాయితో అన్న మాట ఈ రెండో దారికి సరిగ్గా సరిపోతుంది.

ఇక మూడోది. చాలామంది ఇక్కడే తిరగేసి అనుకుంటారు. నాన్నగారి సంతకాన్ని సాక్షి చూడకపోయినా పనికొస్తుంది, ఆయన నోటి మాట చాలు. కానీ సాక్షి చేసే సంతకం మాత్రం నాన్నగారి ఎదుటే జరగాలి. దీనికి వేరే దారి లేదు. కారణం తేలికే. ఆయన సంతకం చేసిన కాగితాన్ని అవతలికి తీసుకెళ్ళి, ఇంకో కాగితం మీద సాక్షి సంతకాలు పెట్టించి తెస్తే? ఆ మోసం కుదరకుండా వేసిన కంచె ఇది.

మరి ఎదుట అంటే ఒకే గదిలోనా? 1781లో ఇంగ్లండులో ఒకావిడ వీలునామా చేయడానికి వకీలు ఆఫీసుకి వెళ్ళింది. ఆవిడకి ఉబ్బసం. ఆఫీసు గదిలో ఉక్కపోతకి ఉండలేక బయట తన గుర్రబ్బండిలో కూర్చుని సంతకం చేసింది. సాక్షులు అది చూసి, కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళి తమ సంతకాలు పెట్టారు. సరిగ్గా ఆ సమయానికి బండి కాస్త వెనక్కి జరిగి ఆఫీసు కిటికీ ఎదురుగా వచ్చిందనీ, ఆవిడ కావాలంటే కిటికీలోంచి అంతా చూడగలిగేదనీ బండిలో ఉన్న ఇంకొకరు సాక్ష్యం చెప్పారు. వీలునామా నిలబడింది. ఆవిడ నిజంగా చూసిందా అని ఎవరూ అడగలేదు. చూడగలిగేదా అనే అడిగారు. రెండు వందల ఏళ్ళు దాటినా ఆ బండిని వకీళ్ళు ఇప్పటికీ కోర్టుల్లోకి తోలుతూనే ఉన్నాం.

కాబట్టి మీ కేసు మంచానికీ భోజనాల బల్లకీ మధ్య ఉన్న తలుపు మీద ఆధారపడి ఉంది. వీలునామా కేసు వస్తే మా సీనియర్ గారు మొదట సాక్షిని ఏమీ అడిగేవారు కాదు. ఆఫీసులో బెంచీ లాగి “ఇది మంచం అనుకో, తల ఎటు? గుమ్మం ఎటు?” అనేవారు. కుర్చీని బల్ల చేసి “నువ్వు ఎక్కడ కూచున్నావు, ఆయనకి నీ మొహం కనపడుతుందా, వీపు కనపడుతుందా?” అనేవారు. జూనియర్లం నవ్వుకునేవాళ్ళం. తర్వాత నా సొంత కేసు ఒకటి పోయాక నవ్వడం మానేశాను. నా సాక్షి చీఫ్‌లో, అంటే నేనే అడిగే మొదటి విచారణలో, “పెద్దాయన సంతకం చేశాడు, నేను చూశాను, నేనూ చేశాను” అన్నాడు. నేను తృప్తిగా కూర్చున్నాను. నువ్వు చేసేటప్పుడు ఆయన అక్కడే ఉన్నాడా అని అడగడం మర్చిపోయాను. అవతలి వకీలు తన ఎదురు ప్రశ్నల్లో, అదే క్రాస్‌లో, దాన్ని తాకనే లేదు, ఆర్గ్యుమెంట్స్ దాకా దాచుకున్నాడు. ఆ ఒక్క వాక్యం రికార్డులో లేక ముప్పై సెంట్ల కొబ్బరితోట చేజారింది.

మీరు చేయాల్సింది చెబుతాను. ఆ రెండు గదుల పటం గీయించండి. మంచం జరపకపోతే ఫొటోలు తీయండి. మాస్టారు సాక్ష్యానికి వస్తే చాలు. ఇద్దరూ రానవసరం లేదు, కానీ వచ్చిన ఒక్కరూ రెండో సాక్షి సంతకం గురించి కూడా చెప్పగలగాలి. బాబాయి వచ్చేటప్పటికి మాస్టారు ఇంకా ఇంట్లో ఉన్నారా? లేకపోతే బాబాయిని కూడా పిలవక తప్పదు. ఇంకోటి. ఆ సమయంలో నాన్నగారు మెలకువగా, తెలివిలో ఉన్నారా? మందు మత్తులో ఉన్న మనిషి ఎదుట సంతకం పెట్టడం అంటే గోడ ఎదుట పెట్టడమే. మాస్టారికి పాఠం మాత్రం నేర్పకండి. తలుపు వేసి ఉంటే వేసి ఉందనే చెప్పనివ్వండి. నేర్పిన పాఠం క్రాస్‌లో ఐదు నిమిషాలు నిలబడదు.

రాతగాడు కూడా కింద సంతకం చేశాడు కదా, ఆయన్ని సాక్షి అనలేమా అని ఉత్తరం చివర అడిగారు. సంతకం ఉండగానే సాక్షి అయిపోరు. సాక్షిగా ఉండాలనే ఉద్దేశంతో పెట్టిన సంతకమే లెక్క అని 1969లో సుప్రీంకోర్టు చెప్పింది. రాసినందుకు గుర్తుగా పెట్టిందైతే అది రాతగాడి సంతకమే.

ప్రశ్న: మా అమ్మకి ఎనభై ఏళ్ళు. తుంటి ఎముక విరిగి గుంటూరులో మంచం మీదే ఉంది. ఇల్లు నా పేర దానపత్రం రాస్తానంటోంది. నేను డాలస్‌లో ఉంటాను, ఇప్పుడు సెలవు దొరకదు. కోర్టులే వీడియోలో నడుస్తున్నాయి కదా, రిజిస్ట్రేషన్ వీడియో కాల్‌లో అవదా? ఇల్లు నాకు అప్పగించకుండా అమ్మ అందులోనే ఉంటే దానం చెల్లుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరన్నది సగం నిజం. 2003లో సుప్రీంకోర్టు న్యూయార్క్‌లో ఉన్న ఒక డాక్టరు సాక్ష్యాన్ని వీడియోలో తీసుకోవచ్చంది. ముద్దాయి ‘ఎదుట’ సాక్ష్యం నమోదు చేయడమంటే ఒకే గదిలో ఉండటమే కానక్కర్లేదు, చూడగలగడం, వినగలగడం చాలంది. పైన చెప్పిన గుర్రబ్బండి కిటికీయే అది, కాకపోతే కాస్త పెద్దది.

సబ్ రిజిస్ట్రార్ దగ్గర హాజరు తీరు వేరు. అక్కడ కావలసింది మీ మొహం, మాట మాత్రమే కాదు, మీ వేలు. ఫొటో, వేలిముద్రలు తీసుకోవాలని 2001 సవరణలో చట్టంలోనే చేర్చారు. వీడియో కాల్‌లో వేలిముద్ర పడదు.

అయితే అమ్మగారు ఆఫీసుకి వెళ్ళాలనే లేదు. లేవలేని వాళ్ళు, జైల్లో ఉన్నవాళ్ళు స్వయంగా రానక్కర్లేదని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 38వ సెక్షన్ చెబుతోంది. సబ్ రిజిస్ట్రారే ఇంటికి వస్తారు, లేదా తన బదులు అడిగి రావడానికి కమిషన్ వేస్తారు. డాక్టరు సర్టిఫికెట్ జతచేసి అర్జీ పెట్టించండి, ఫీజు కట్టించండి. ఆయన వచ్చిన రోజున అమ్మగారిని ఒకటే అడుగుతారు, “ఇది మీరు రాసిచ్చిందేనా?” అని. పక్కనున్న వాళ్ళు అందుకుని జవాబు చెప్పకూడదు. మన ఇళ్ళలో అదే జరుగుతుంది. పెద్దవాళ్ళు నోరు తెరిచేలోపే కోడలో మనవడో “ఆ ఆ, అవునండీ” అనేస్తారు. దాని మీదే రేపు కేసు పుడుతుంది.

మీ తరఫున పుచ్చుకోవడానికి ఇక్కడ నమ్మకస్తులు ఒకరికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి. అక్కడి నోటరీ ఎదుట గానీ ఇండియన్ కాన్సులేట్‌లో గానీ సంతకం చేసి పంపండి. కాగితం ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ గడువు మర్చిపోయి మళ్ళీ మొదటికొచ్చేవాళ్ళు నాకు ఏటా తగులుతూనే ఉంటారు.

పుచ్చుకోవడం కూడా ఒక పనే, గుర్తుపెట్టుకోండి. దానం ఇచ్చేవారు బతికుండగా, ఇవ్వగల స్థితిలో ఉండగానే మీరు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నట్టు దానపత్రంలోనే రాయించి, మీ పవర్ ఉన్న మనిషి చేత సంతకం పెట్టించండి. తర్వాత ఇంటిపన్ను మీ పేరుకి మార్పించుకోండి.

అమ్మగారు అదే ఇంట్లో ఉండొచ్చు. స్థిరాస్తి దానానికి రిజిస్ట్రేషనూ ఇద్దరు సాక్షులూ చాలు, స్వాధీనం అప్పగించి తీరాలనే నియమం లేదని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. అదీ మన తెలుగు నేల నుంచి వెళ్ళిన కేసే. బతికున్నన్నాళ్ళూ ఇంట్లో ఉండే హక్కు అమ్మగారికి అట్టేపెడుతున్నట్టు రాయించండి, మీకూ ఆమెకూ టెన్షన్ ఉండదు. ముస్లిం కుటుంబాల్లో చేసే హిబా అనే దానానికి మాత్రం ఇది వర్తించదు. అక్కడ నోటి మాట దానం కూడా చెల్లుతుంది కానీ స్వాధీనం చేతులు మారాలి. ఒక చోట కాగితం బరువు, ఇంకో చోట తాళం చెవి బరువు.

ప్రశ్న: మా బావమరిదితో తొమ్మిదేళ్ళు కోర్టులో తిరిగి రెండు షాపులకి స్వాధీనం డిక్రీ తెచ్చుకున్నాను. డిక్రీ అమలు చేసే కోర్టు అమీనా వచ్చాడు, షట్టర్ల మీద వారంటు కాపీ అంటించాడు, డప్పు కొట్టించాడు, ఇద్దరి చేత సంతకాలు తీసుకుని వెళ్ళిపోయాడు. షాపుల్లో కిరాయిదార్లు కదల్లేదు. “డప్పు కొట్టించుకున్నావుగా, ఇంటికెళ్ళు” అని బావమరిది నవ్వుతున్నాడు. ఇదేం స్వాధీనం?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నవ్వనివ్వండి. ఆ డప్పు పనికిమాలింది కాదు.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరులో 35, 36 రూళ్ళు పక్కపక్కనే ఉంటాయి. ఓడినవాడే లోపల కూర్చుని కదలనంటే 35వ రూలు. అమీనా అతన్ని బయటికి పంపాలి. తాళం వేసి ఉంటే పగలగొట్టొచ్చు. అయితే లోపల ఘోషా ఆడవాళ్ళుంటే ముందు హెచ్చరించి, వాళ్ళు తప్పుకునే వీలు కల్పించాలి. లోపలున్నది డిక్రీకి కట్టుబడని కిరాయిదారు, అతనికి అక్కడ ఉండే హక్కుంది అనుకోండి, అప్పుడు 36వ రూలు. అతన్ని గెంటకూడదు. వారంటు కాపీ అందరికీ కనపడేచోట అంటించి, డప్పు వేసి గానీ ఆ ఊరి వాడుక ప్రకారం గానీ చాటింపు చేయాలి. మీ అమీనా చేసింది అక్షరాలా అదే. షాపు లోపల మనిషి మారలేదు, యజమాని మారాడని వీధికి తెలిసింది. ఇక నుంచి అద్దె మీది. కిరాయిదార్లిద్దరికీ డిక్రీ కాపీ, డెలివరీ (స్వాధీనం అప్పగింత) రిపోర్టు జతచేసి రిజిస్టర్డ్ నోటీసు పంపండి. ఆ తర్వాత మీ బావమరిదికి అద్దె ఇస్తే ఆ బాధ్యత వాళ్ళదే. ఖాళీ చేయించాలంటే అది వేరే కేసు.

నవ్వే మనిషి స్వయంగా ఒక షాపులో గల్లాపెట్టె ముందు కూర్చుని ఉంటే మాత్రం కథ వేరు. డప్పుతో సరిపెట్టుకోకండి. 35వ రూలు కింద అసలు డెలివరీ కావాలని ఈపీలో, అంటే డిక్రీ అమలు పిటిషన్‌లో, అడగండి.

అమీనా అంటే నాకొక పెద్దాయన గుర్తొస్తాడు. ఖాళీ స్థలం డెలివరీకి వెళ్ళినప్పుడు కొలతలయ్యాక వంగి ఒక మట్టిపెళ్ళ తీసి గెలిచినవాడి చేతిలో పెట్టేవాడు. “నాది కాదు, ప్రభుత్వానిది కాదు, ఇక నీది, జాగ్రత్త” అనేవాడు. ఇదేం రూలు అని అడిగితే “రూలు కాదమ్మా, పెళ్ళ చేతిలో పెడితే గానీ వీళ్ళకి నమ్మకం కుదరదు” అన్నాడు. ఇంగ్లండులో పూర్వం భూమి బదిలీ అంటే అచ్చంగా అదేనని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. పొలంలో నిలబడి మట్టిగడ్డో, చెట్టుకొమ్మో చేతికిచ్చేవారట. మా అమీనా ఆ పుస్తకాలేవీ చదివి ఉండడు.

ప్రశ్న: గోడ తగాదాలో పక్కింటాయన కర్ర ఎత్తి “వచ్చానంటే నీ సంగతి చూస్తా” అన్నాడు. కొట్టలేదు. ఇంకోరోజు మా కిటికీ ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టి మీటరు దగ్గరి వైరు లాగబోయాడు. స్టేషన్‌లో “ముట్టుకోలేదు, గడప దాటలేదు, ఏం కేసు పెట్టమంటావు” అంటున్నారు.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముట్టుకోనక్కర్లేదు. దౌర్జన్యానికి చెయ్యి తగలాలనే నియమం 1860 నాటి శిక్షాస్మృతిలో లేదు, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ లేదు. ఇప్పుడే కొట్టేస్తాడేమో అని అవతలి మనిషి అనుకునేలా చేసే సైగ చాలు. చట్టంలో ఇచ్చిన ఉదాహరణల్లో కరిచే కుక్క మూతికున్న చిక్కం విప్పబోవడం కూడా ఒకటి. ఉత్త మాటలు దౌర్జన్యం కావు కానీ, ఎత్తిన కర్రకి అర్థం చెప్పేది పక్కనున్న మాటే. అందుకని ఫిర్యాదులో ఆయన అన్న మాటని ఉన్నదున్నట్టు రాయండి. “బెదిరించాడు” అని పొడిగా రాస్తే బలం పోతుంది.

కిటికీ సంగతికి వస్తే, ఇంట్లోకి అక్రమ ప్రవేశానికి ఒంట్లో ఏ భాగం లోపలికి వచ్చినా చాలు. మోచెయ్యి వచ్చినా మనిషి వచ్చినట్టే. కాకపోతే ఆ చెయ్యి నేరం చేయడానికో, మిమ్మల్ని బెదిరించడానికో, అవమానించడానికో, వేధించడానికో వచ్చిందని చూపించాలి. వైరు లాగబోయాడన్న సంగతి అందుకే ముఖ్యం. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీ గారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.

ప్రశ్న: మా పెదనాన్న, పెద్దమ్మ పిల్లల్లేకుండా పోయారు. దూరపు చుట్టం ఒకతను తాను దత్తపుత్రుణ్ణని రిజిస్టర్ అయిన దత్తత పత్రం తెచ్చాడు. హోమం జరగలేదు. అతను ఒక్కరోజు కూడా పెదనాన్న ఇంట్లో పెరగలేదు, కన్నవాళ్ళ దగ్గరే ఉన్నాడు. కాగితం మీద దత్తత దత్తతేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: హోమం వాదన వదిలేయండి. దత్తహోమం తప్పనిసరి కాదని 1956 నాటి హిందూ దత్తత చట్టంలోనే ఉంది. ఎక్కడ పెరిగాడన్నది కూడా దానంతటది సరిపోదు. చదువు కోసం కన్నవాళ్ళ దగ్గర ఉంచామంటారు.

అడగాల్సింది ఒకటే. బిడ్డని ఇచ్చారా, పుచ్చుకున్నారా? ‘ఇచ్చితిమి, పుచ్చుకొంటిమి’ అని పత్రంలో రాసుకోవడం గురించి కాదు, బిడ్డ నిజంగా ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి వెళ్ళాడా అని. మన పల్లెల్లో ఒళ్ళో కూర్చోపెట్టడం అంటామే, అది. తల్లిదండ్రులు మనసులో నిశ్చయించుకున్నాక, బిడ్డని అందించే పని వాళ్ళ తరఫున ఇంకొకరు చేయొచ్చని 1961లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. తాతయ్య అందించినా చెల్లుతుంది. ఎవరూ అందించకపోతే చెల్లదు.

చిక్కు ఎక్కడంటే, ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ సంతకాలు చేసి రిజిస్టర్ చేయించిన పత్రం ఉంటే, దత్తత సరిగ్గా జరిగినట్టే కోర్టు అనుకుంటుంది. జరగలేదని రుజువు చేసే బరువు మీ మీద పడుతుంది. కాబట్టి ముందు ఆ పత్రం సర్టిఫైడ్ కాపీ తీయండి. ఇచ్చినవైపు కన్నతల్లి సంతకం ఉందా? పుచ్చుకున్నవైపు పెద్దమ్మ అంగీకారం ఉందా? ఆ తేదీకి అతనికి పదిహేనేళ్ళు నిండాయా? నిండి ఉంటే, మీ కులంలో ఆ వయసు దాటాక దత్తత తీసుకునే ఆచారం ఉందని అతనే చూపించుకోవాలి. స్కూలు టీసీలో, ఆ తర్వాత రాయించుకున్న కాగితాల్లో తండ్రి పేరు ఎవరిది రాశారో చూడండి.

ఒళ్ళో కూర్చున్న ఫొటో ఉందని అతను అంటున్నాడని రాశారు. దాని వెనక స్టూడియో ముద్ర, తేదీ ఉంటే ఆ కాపీ కూడా పంపించండి. పత్రం తేదీకీ ఫొటో తేదీకీ ఎన్నాళ్ళ తేడా ఉందో చూసి మిగతాది చెబుతాను.